పిసినారి మెదడుకు గోదావరి మర్యాద

మనిషి మెదడు మన గోదావరి జిల్లాలకు నప్పే అవయవం కాదు. ఒంటి బరువులో 2 శాతం ఉంటుంది, ఒంటికి అందే శక్తిలో 20 శాతం తింటుంది. దానికి అభ్యంతరం లేదు, తినేవాణ్ని చూసి ముచ్చటపడే ప్రాంతం మనది. కానీ అంతా కలిపినా 20 వాట్లే. ఓ చిన్న బల్బుకు సరిపోతుంది. అందులోనే సుమారు 8,600 కోట్ల నాడీకణాలు సర్దుకోవాలి. ఖర్చులో పెద్ద వాటా ఒకదానికొకటి కబురు పంపుకోవడానికే పోతుంది కాబట్టి, అవసరం పడితే తప్ప నోరు విప్పవు. ఏ క్షణాన చూసినా చాలామట్టుకు మౌనమే. మా ఊళ్లో అరుగు మీద అలా కూర్చుంటే ఒంట్లో బాగోలేదనుకుని హార్లిక్స్ సీసా పట్టుకొచ్చి పలకరిస్తారండీ.

కంటి సంగతే చూడండి. వెలుగును పట్టే కణాలు ఒక్కో కంట్లో 10 కోట్ల పైమాటే. అక్కణ్నుంచి మెదడుకు వెళ్లే నరంలో పోగులు దాదాపు 10 లక్షలు. సగటున వందమంది చూసింది ఒక్కడు చెప్పాలి. వాడైనా కడుపారా చెబుతాడా? పక్కవాడు చూసిందీ తను చూసిందీ ఒకటే అయితే తగ్గించేస్తాడు. ఇందాకటిలాగే ఉంటే గొంతే పెంచడు. మారింది చెప్పడానికే వాడి ఓపికంతా. తెలిసిందే మళ్లీ పంపకుండా చూడటం ఇంద్రియాల పనిలో ముఖ్యమని 1961లో హొరేస్ బార్లో అనే బ్రిటన్ శాస్త్రవేత్త సిద్ధాంతం కూడా చేశాడు. పాపం, ఆయన కోనసీమ పెళ్లిలో భోంచేసి ఉండడు. "ఇంకొంచెం వేయించుకోండి" అన్న ఒక్క మాటే పదిమంది వచ్చి చెప్పకపోతే అది పిలిచి అవమానించడమే కదా!

మన పద్ధతి వేరు. మా ఊరి రైతులకు వాట్సాప్ గ్రూపుంది. దాళ్వాకు, అదే రెండో పంటకు, నీళ్లు చాలక వంతులు పెట్టారని ఒకరు రాశారు. అదే కబురు ఇంకొకరు ఫార్వర్డ్ చేశారు. మొదటాయన దాన్నే మళ్లీ అందుకుని "ముఖ్య సమాచారం" అని పంపారు. అందరూ దండాలు పెట్టారు. ఎవరిదో పుట్టినరోజు, దానికి కేకులు. తెల్లారితే శుభోదయాలు, గులాబీలు. శివారులో ఉన్న మా బాబాయ్ బోదె గట్టు మీద నిలబడి ఫోన్ చేశాడు.

"ఏరా అబ్బాయ్, మన వంతెప్పుడంట?"

"గ్రూపులో పెట్టారు కదా బాబాయ్."

"పొద్దుటేల నుంచీ గులాబీపూలే తోడుతున్నాన్రా!"

వంతు రాత్రే వచ్చి వెళ్లిపోయింది. చేను ఎండింది గానీ, సమాచారానికి మాత్రం ఎక్కడా లోటు జరగలేదు.

పూర్వం కాలువ నీళ్ల వంతులు చూసే లస్కరుండేవాడు. సైకిలు మీద గట్టు వెంట వచ్చి, వంతు మారినవాళ్లకే చెప్పి పోయేవాడు. మారనివాళ్ల గుమ్మం ముందు బెల్లు కూడా కొట్టేవాడు కాదు. ఎంత అమర్యాదో! అచ్చం మెదడు బుద్ధే.

తీగల విషయంలో ఈ పీనాసితనం మరీ ఎక్కువ. నాడీకణాల అల్లికలో చోటు, సమయం, సరుకు మూడూ ఆదా అవుతున్నాయని స్పెయిన్ శాస్త్రవేత్త రామోన్ ఇ కహాల్ నూరేళ్ల కిందటే గమనించాడు. కబురు సెకనుకు వంద మీటర్లు పరుగెత్తాలంటే పోగు లావుగా ఉండాలి, పైన మైలిన్ అనే కొవ్వు తొడుగుండాలి. ఆ రెండూ చోటు తింటాయి. అందుకని వేగం అక్కర్లేని చోట తొడుగులేని సన్నపోగులు వేసి, సెకనుకు మీటరు నడకతో సరిపెట్టింది. చుట్టరికాలు కూడా ఎక్కువగా ఇరుగుపొరుగుతోనే. అయితే అన్నీ పొట్టి తీగలే అయితే దూరపు కబురు చేతులు మారీ మారీ ఆలస్యమవుతుంది. అక్కడ మాత్రం మూట విప్పుతుంది: కొన్ని పొడవాటి దారులు వేస్తుంది. అలాంటి అడ్డదారులు కొద్దిగా ఉన్నా ఊరంతా దగ్గరైపోతుందని 1998లో వాట్స్, స్ట్రోగాట్స్ అనే పరిశోధకులు లెక్కగట్టారు. వాళ్లు చూపిన ఉదాహరణల్లో 302 నాడీకణాల పురుగు ఒకటి. మనిషి మెదడులోనూ పెద్ద కూడళ్లు కొన్ని తమలో తాము గట్టిగా కలిసి ఉంటాయని 2011లో తేలింది. ఆ తీగలు చాలా ఖరీదైనవి. అయినా వాటి మీద పేకాడరట, పనే చేస్తారట.

ఇంకో ఘోరం. ఒక కణం నుంచి వచ్చిన కబురును, రెండు కణాలు కలిసే సందుల్లో చాలా వరకు తరచూ అవతలికి అందించకుండానే వదిలేస్తాయి. శక్తి ఆదాకు అదీ ఓ మార్గమేనని పరిశోధకుల వాదన. ఈ సంగతి మా గ్రూపు అడ్మిన్ గారి చెవిన వేశాను. "అలా వదిలేస్తే నొచ్చుకోరూ అండీ?" అన్నారు.

1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన దగ్గర్నుంచీ నీళ్లను వంతులేసుకోవడం మనకు అలవాటే. మాటలకూ వంతులా? అందుకే ఈ అవయవాన్ని సంస్కరించాలని గట్టిగా కోరుతున్నాను. ప్రతి నాడీకణం తెల్లవారగానే మిగతా అన్నిటికీ శుభోదయం చెప్పాలి. గోడ ఇంకా గోడగానే ఉందని కన్ను నిమిషానికోసారి కబురు పెట్టాలి. అందుకున్నవన్నీ దండం పెట్టాలి. మెదడు ప్రధానంగా గ్లూకోజు మీదే నడుస్తుంది కాబట్టి, అదనపు ఖర్చుకు ఆత్రేయపురం పూతరేకులు కేటాయించాలి. ప్రయోగాత్మకంగా మొదటి పెట్టె నా పేరిట మంజూరు చేయగలరు. బెల్లానివైతే మరీ మంచిది.