కేబుల్ పీకాల్సింది అక్కడ కాదు తమ్ముడూ

నెట్‌వర్కింగ్ నేర్చుకునే పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక చిన్న వీడియో తెగ తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు, వాళ్లలో ఇద్దరు నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లే. అందులో చెప్పేది క్లుప్తంగా ఇదీ. ఆఫీసుకు రెండు ఇంటర్నెట్ లైన్లు ఉంటే మెయిన్ లైన్‌కి మామూలుగా డిఫాల్ట్ రూట్, అంటే బయటికెళ్లే ప్యాకెట్లకి దారి, రాయండి. రెండో లైన్‌కీ అదే రూట్ రాసి చివర 200 అని చేర్చండి. మెయిన్ లైన్ పోయిన క్షణంలోనే రౌటర్ రెండో దారి పట్టేస్తుంది. 200 పెద్ద నంబర్ కాబట్టి మామూలు రోజుల్లో ఆ దారి అడ్డం రాదు. అనుమానం ఉంటే గేట్‌వేకి, అంటే కంపెనీ వైపు మొదటి మజిలీకి, పింగ్ పెట్టుకోండి, అంటే పిలిస్తే బదులొస్తుందో లేదో చూసుకోండి. వాడేవాళ్లకి తెలియను కూడా తెలియదు. రెండు లైన్లు వేర్వేరు కంపెనీలవైతే నెట్ ఆగే ప్రశ్నే లేదు. ఇదంతా చెప్పి, చివర్లో రౌటర్ నుంచి మెయిన్ లైన్ కేబుల్ పీకి చూపిస్తాడు. రెండు పింగ్‌లు పోతాయి, మూడోది వస్తుంది. కింద కామెంట్లలో చప్పట్లు.

కమాండ్‌లో తప్పు లేదు. ఒకే చోటికి రెండు దారులు తెలిస్తే దేన్ని నమ్మాలో రౌటర్ తేల్చుకునేది అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ చూసి. మేం ఏడీ అంటాం. తక్కువ ఉన్నదే గెలుస్తుంది. సిస్కో కంపెనీ రౌటర్లలో నేరుగా తగిలించిన నెట్‌వర్క్‌కి 0, మనం చేత్తో రాసే స్టాటిక్ రూట్‌కి 1, రౌటర్లు తమలో తాము దారులు చెప్పుకునే ఓఎస్‌పీఎఫ్‌కి 110. 200 ఇచ్చిన స్టాటిక్ రూట్ రౌటర్ దారుల టేబుల్‌లోకి రాకుండా పక్కన కూర్చుంటుంది, మొదటిది తప్పుకుంటే లోపలికి వస్తుంది. పుస్తకాల్లో దీన్నే ఫ్లోటింగ్ స్టాటిక్ రూట్ అంటారు. నా పేచీ అంతా ఆ 'మొదటిది తప్పుకుంటే' దగ్గరే.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు ఉంది. మెయిన్ లైన్ ఫైబర్, బ్యాకప్ 4జీ రౌటర్. రెండేళ్ల కింద ఆ కమాండ్ కొట్టింది నేనే, సరిగ్గా ఈ వీడియోలో చెప్పినట్టే. ఒకరోజు సందు చివర డ్రైనేజీ కోసం తవ్వుతున్న జేసీబీ ఫైబర్‌ని తెంపేసింది. ఆఫీసులో నెట్ లేదు. 50 వేలు దాటిన సరుకు కదలాలంటే ఈ-వే బిల్లు ఉండాలి. బయట మూడు లారీలు లోడుతో నిలబడి ఉన్నాయి. ఓనర్ గారి ఫోన్: "ఏమయ్యా, రెండు లైన్లకీ డబ్బులు కడుతున్నా కదా, రెండూ ఒకేసారి పోయాయా?"

వెళ్లి చూస్తే 4జీ లైన్ నిక్షేపంగా ఉంది. గోడకున్న ఓఎన్‌యూ (ఫైబర్ వచ్చి చేరే డబ్బా) మీద, సిగ్నల్ లేదని చెప్పే లాస్ లైట్ ఎర్రగా వెలుగుతోంది. దాని పక్కనే, రౌటర్ వైపు కేబుల్‌ని చూపే లాన్ లైట్ మాత్రం పచ్చగా మిణుకుమంటోంది. ఆ పచ్చ లైటే నా కొంప ముంచింది. ఓఎన్‌యూకీ రౌటర్‌కీ మధ్య ఉన్నది మూరెడు కేబుల్. ఓఎన్‌యూకి కరెంటు ఉన్నంతసేపూ ఆ కేబుల్ బతికే ఉంటుంది. రౌటర్‌కి కనిపించేది అదొక్కటే. దాని లెక్కలో ఇంటర్‌ఫేస్ (ఆ కేబుల్ తగిలించిన పోర్టు) అప్, గేట్‌వే ఉన్న నెట్‌వర్క్ టేబుల్‌లోనే ఉంది, కాబట్టి మెయిన్ రూట్ పదిలం. 'ఈ చిరునామా ఎవరిది?' అని అడిగే ఏఆర్‌పీకి కూడా గేట్‌వే బదులివ్వకపోయినా సరే, స్టాటిక్ రూట్ కదలదు. ప్యాకెట్లన్నీ తెగిన ఫైబర్ వైపే పోతున్నాయి. 200 పెట్టిన రూట్‌కి పిలుపే రాలేదు.

మరి అంతకుముందు నెలల తరబడి పనిచేసినట్టు ఎందుకు కనిపించిందంటారా? రౌటర్, 4జీ డబ్బా యూపీఎస్ మీద ఉన్నాయి, ఓఎన్‌యూ మాత్రం మామూలు ప్లగ్‌లో ఉంది. కరెంటు పోయినప్పుడల్లా ఓఎన్‌యూ ఆరిపోయేది, కేబుల్ నిజంగానే డౌన్ అయ్యేది, బ్యాకప్ ఠంచనుగా అందుకునేది. ఓనర్ గారు మెచ్చుకునేవారు. నేనూ ఆ మెచ్చుకోలు తీసుకున్నాను. వీడియోలో రౌటర్ దగ్గర కేబుల్ పీకడం కూడా ఇలాంటిదే. లైన్లు రౌటర్ దగ్గర తెగవు. సందు చివర, స్తంభం మీద, కంపెనీ వాళ్ల గదిలో తెగుతాయి.

ఒక మినహాయింపు చెప్పాలి. మైక్రోటిక్ కంపెనీ రౌటర్‌లో పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లైన్ కలిపే పద్ధతి) పెట్టుకున్నవాళ్లకి సెషన్ తెగగానే ఆ ఇంటర్‌ఫేస్ పడిపోతుంది, రూట్ కూడా పోతుంది. వాళ్ల వరకూ వీడియోలో చెప్పింది చాలావరకు నిజమే. కానీ అదే పనికి సిస్కోలో వాడే డయలర్ ఇంటర్‌ఫేస్ సెషన్ లేకపోయినా అప్ అనే చూపిస్తుంది, పక్కన చిన్నగా 'స్పూఫింగ్' (నటన) అని రాసి మరీ. అలాగే, ఓఎస్‌పీఎఫ్ నడిచే రెండు బ్రాంచీల మధ్య బ్యాకప్‌గా 200 రూట్ పెడితే హాయిగా పనిచేస్తుంది. అక్కడ అవతలివాడు బతికున్నాడో లేడో హలో ప్యాకెట్లే చెబుతాయి. ఈథర్‌నెట్ మీద పది సెకన్లకొక హలో, నలభై సెకన్లు వినపడకపోతే పక్కవాడు పోయినట్టు లెక్క. స్టాటిక్ రూట్‌కి అలా పలకరించే అలవాటు లేదు, మనమే నేర్పాలి.

నేర్పడానికి గేట్‌వేకి పింగ్ పెడితే చాలంటాడు వీడియోలో. సగం మందు అది. మైక్రోటిక్‌లో చెక్ గేట్‌వే పెడితే పది సెకన్లకొకసారి అడుగుతుంది, వరసగా రెండుసార్లు బదులు రాకపోతే ఆ దారి మూసేస్తుంది. ఆటోనగర్‌లోలా సందులో ఫైబర్ తెగితే ఇది పట్టుకుంటుంది. 'పోయిన క్షణంలోనే' మాత్రం కాదు. కంపెనీ గేట్‌వే బాగానే ఉండి దాని వెనక లైన్ పోతే? పింగ్‌కి గేట్‌వే చక్కగా బదులిస్తుంది, నెట్ ఉండదు, రూట్ కదలదు.

అందుకని సిస్కోలో అయితే ఐపీ ఎస్‌ఎల్‌ఏ అనే పరీక్ష సదుపాయంతో బయట ఎక్కడో ఉన్న చిరునామాకి పింగ్ పెట్టి, ఆ ఫలితం మీద కన్నేసే ట్రాక్ కట్టి, మెయిన్ రూట్‌ని ఆ ట్రాక్‌కి ముడివేస్తాం. ఐపీ ఎస్‌ఎల్‌ఏ మనం చెప్పకపోతే నిమిషానికొక్కసారే పింగ్ చేస్తుంది, దాన్ని అయిదు పది సెకన్లకు దించుకోవాలి. ఇక్కడ దాదాపు ప్రతి కుర్రాడూ పడే గుంట ఒకటుంది. గూగుల్ వాళ్ల 8.8.8.8కి పింగ్ పెట్టాడనుకుందాం. మెయిన్ లైన్ పోయింది, పింగ్ ఆగింది, రూట్ తప్పుకుంది, ట్రాఫిక్ 4జీ మీదికి వెళ్లింది. ఇప్పుడు ఆ పింగ్ కూడా 4జీ మీదుగానే వెళ్తుంది! బదులొస్తే రౌటర్ 'మెయిన్ బాగైంది' అనుకుని పాత రూట్ తెచ్చి పెడుతుంది. మళ్లీ పోతుంది, మళ్లీ వస్తుంది. ఫైబర్ అతికేదాకా ఇదే ఉయ్యాల. "సోర్స్ ఇంటర్‌ఫేస్ మెయిన్ లైన్‌దే ఇచ్చాను సార్" అంటారు. అది పంపినవాడి చిరునామా మాత్రమే, ప్యాకెట్ వెళ్లే దారి కాదు. అలాంటి ప్యాకెట్‌ని 4జీ వాళ్లు పారేస్తే మన అదృష్టం.

విరుగుడు పెద్దదేం కాదు. ఆ ఒక్క చిరునామాకి విడిగా రూట్ రాసి మెయిన్ గేట్‌వేకి కట్టేయాలి. అదే చిరునామాకి నల్ జీరో వైపు, అంటే చెత్తబుట్ట వైపు, 250 దూరంతో ఇంకోటి రాయాలి. మెయిన్ కేబుల్ పూర్తిగా పడిపోయినా పింగ్ పక్కదారి పట్టదు. ఒక ఇబ్బంది మాత్రం ఉంది. మెయిన్ లైన్ లేనప్పుడు ఆఫీసులో ఎవరికీ 8.8.8.8 అందదు. కంప్యూటర్లకి సైట్ పేరుకి చిరునామా వెతికిపెట్టే డీఎన్‌ఎస్ కూడా అదే ఇచ్చి ఉంటే, లైన్ మారినా సైట్లు తెరుచుకోవు. నేనూ ఓసారి అలా ఇరుక్కుని, రౌటర్‌ని గంటసేపు అనుమానించాను. పింగ్‌కి వాడే చిరునామా, డీఎన్‌ఎస్ చిరునామా వేరుగా ఉంచాలి. ఒక్క పింగ్ తప్పగానే పరుగెత్తకుండా ట్రాక్‌కి కాస్త ఆలస్యం పెట్టాలి, లైన్ తిరిగొచ్చాక ఇంకాస్త ఎక్కువ.

200 పెద్ద నంబర్ కాబట్టి ఎప్పుడూ వెనకే ఉంటుందన్న మాట ఇంకా ప్రమాదం. ఏడీ పోటీ ఒకే నెట్‌వర్క్, ఒకే మాస్క్ (నెట్‌వర్క్ ఎంత పెద్దదో చెప్పే /16, /24 లాంటి అంకె) ఉన్న రూట్ల మధ్యే. గుంటూరు బ్రాంచ్ కోసం లీజ్డ్ లైన్ వైపు 10.20.0.0/16 అని, 4జీ వైపు 10.20.5.0/24 అని 200 దూరంతో రాశారనుకోండి. ఆ 24 రూట్‌ని ఆపేవాళ్లే ఉండరు. రెండూ టేబుల్‌లోకి వస్తాయి, ప్యాకెట్ మాత్రం వివరంగా ఉన్న, అంటే చిన్న పరిధిని చెప్పే /24 దారినే పోతుంది. లీజ్డ్ లైన్ ఖాళీగా ఉండగా డేటా ప్యాక్ కరిగిపోతుంది, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. ఇంకొకటి, ఈ అంకెలు రౌటర్ కంపెనీని బట్టి మారతాయి. స్టాటిక్‌కి జునిపర్‌లో 5, హువావేలో 60. సిస్కోలో ఐబీజీపీ (పెద్ద నెట్‌వర్క్‌లు దారులు చెప్పుకునే బీజీపీలో ఒక రకం) దూరం కూడా సరిగ్గా 200, కాబట్టి బీజీపీ ఉన్నచోట ఆ అంకె గుడ్డిగా వాడొద్దు.

ఇక 'తెలియను కూడా తెలియదు'. ఎందుకు తెలియదు? లైన్ మారితే బయటికి కనిపించే ఐపీ మారుతుంది, నడుస్తున్న కనెక్షన్లన్నీ తెగుతాయి. సగం నింపిన ఫారం పోయి మళ్లీ లాగిన్, మళ్లీ ఓటీపీ. లోపలి చిరునామాలని బయటి ఐపీగా మార్చే నాట్ నియమం మెయిన్ ఇంటర్‌ఫేస్‌కి మాత్రమే రాసి ఉంటే రూట్ మారినా ఏమీ నడవదు, రెండు లైన్లకీ రూట్ మ్యాప్‌లతో (ఏ లైన్‌కి ఏ నియమమో చెప్పే షరతులతో) విడివిడిగా రాయాలి. ఇంటి నుంచి సీసీ కెమెరాలు చూసుకునే ఓనర్ గారికైతే స్క్రీన్ నల్లగా ఉంటుంది. కెమెరాల దారి మెయిన్ లైన్ స్టాటిక్ ఐపీ మీద ఉంది. 4జీ వైపు సాధారణంగా 100.64 తో మొదలయ్యే ఐపీయో అలాంటి ఇంకోటో ఇస్తారు, బయటివాళ్లు దాని మీదుగా లోపలికి రాలేరు. మనం రాసే స్టాటిక్ రూట్ మన ప్యాకెట్లు వెళ్లే దారినే మారుస్తుంది, వచ్చేవాళ్ల దారిని కాదు.

వేర్వేరు కంపెనీల సంగతికి పెద్ద చర్చ అక్కర్లేదు. ఏ సందులోనైనా తలెత్తి చూడండి. నాలుగు కంపెనీల ఫైబర్లు ఒకే కరెంటు స్తంభానికి చుట్టి ఉంటాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, కింద అంతస్తులో పెట్టిన రౌటర్‌కి ఎన్ని కంపెనీల లైన్లు ఉండి ఏం లాభం?

ఆటోనగర్ ఆఫీసులో ఇదంతా సరిచేశాక ఓనర్ గారి ఎదురుగానే ఓఎన్‌యూ వెనక ఫైబర్ తగిలించే పచ్చ కనెక్టర్ పీకాను. లాస్ ఎర్రబడింది. లాన్ లైట్ పచ్చగానే ఉంది. పింగ్‌లకి బదుల్లేదు, ఆయన గడియారం చూసుకుంటున్నారు. ఇరవై రెండో సెకన్‌లో బదులొచ్చింది. "ఇరవై రెండు సెకన్లా?" అన్నారాయన, కొంచెం నిరాశగా. వీడియో చేసిన తమ్ముడూ, ఈసారి నువ్వూ ఆ పచ్చ కనెక్టర్ పీకి చూపించు.