స్విచ్ ఆపితే సరిపోతుందా?

“మరమ్మతు చేస్తూ చేతులు పోగొట్టుకునేవాళ్లది వాళ్ల అజాగ్రత్తే. స్విచ్ ఆపి పనిచేస్తే ఏ మెషినూ ఏమీ చేయదు. అనుభవం ఉన్న ఫిట్టర్‌కు తాళాలు, ట్యాగులు దేనికి? అదంతా విదేశీ ఆర్భాటం.” వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న సందేశం ఇది.

ముందు ఆ స్విచ్ సంగతి. మోటారుకు కరెంటు ఆగుతుంది, నిజమే. హైడ్రాలిక్ ప్రెస్‌లో పైకెత్తి ఉన్న ర్యామ్ (కిందికి దిగి నొక్కే బరువైన దిమ్మ) బరువు ఎక్కడికి పోతుంది? ఏటవాలు కన్వేయర్‌లో ఇరుక్కున్న రాయిని గునపంతో పెకిలించి చూడండి. అంతసేపూ బిగుసుకుని ఉన్న బెల్టు, మీదున్న సరుకు బరువుకు ఒక్కసారిగా వెనక్కి జారుతుంది. గునపం పట్టిన చెయ్యి పుల్లీకి జానెడు దూరంలో ఉంటుంది. స్విచ్ మాత్రం ఆఫ్‌లోనే ఉంటుంది. (సందేశం రాసినవారు గునపం పట్టి ఉండరు.)

ఇక అనుభవం. అది మన చేతిని అదుపులో ఉంచుతుంది కానీ, స్విచ్ ప్యానెల్ దగ్గర నిలబడ్డ ఇంకొకరి చేతిని ఆపలేదు. మన లైన్‌మెన్ స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సరఫరా ఆపామన్న అనుమతి) తీసుకుంటారు. ఎల్‌సీ ఉండగానే సరఫరా ఇచ్చారన్న వార్తలు జిల్లా పేజీల్లో చదువుతూనే ఉన్నాం. పైనున్నవాడికి పని రాకనా? 1988 జులై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు ప్లాట్‌ఫాంపై ఒక పంపు సేఫ్టీ వాల్వును మరమ్మతుకు విప్పారు. ఆ మాట రాత్రి షిఫ్టుకు చేరలేదు. రెండో పంపు మొరాయించడంతో, వాల్వు విప్పిన ఈ పంపునే నడిపారని విచారణలో తేలింది. పేలుడు, మంటల్లో 167 మంది చనిపోయారు.

తాళం పని ఇక్కడే. ఫిట్టర్ ఐసొలేటర్‌కు (మెషిన్‌కు కరెంటు పూర్తిగా తెంచే స్విచ్) తన తాళం వేసి, చెవి జేబులో వేసుకుంటాడు. నలుగురు పనిచేస్తే నాలుగు తాళాలు. నాలుగోవాడు బయటికొచ్చి తనది తీసేదాకా మేనేజరు చెప్పినా మెషిన్ తిరగదు. లోపల మిగిలిన ఒత్తిడి వదిలేసి, ఎత్తి ఉన్నదానికి దిమ్మ పెట్టి, స్టార్ట్ బటన్ నొక్కి చూసి, కదలదని తేలాకే చెయ్యి పెడతారు.

విదేశీ అంటారా? అమెరికా 1989లో లాకౌట్ (ఇలా తాళం వేసే పద్ధతి) నిబంధన తేకముందే, పొరపాటున ఆన్ అయ్యే వీలున్న స్విచ్‌కు తాళం వేసే ఏర్పాటు ఉండాలని మన ఫ్యాక్టరీల చట్టం 24వ సెక్షన్ చెప్పింది.

అజాగ్రత్త మాటకొస్తే, గ్రీజు ఎక్కించే చిన్న మూతి, అంటే నిపుల్, తిరిగే భాగాలను కప్పే గార్డు (రక్షణ కవచం) లోపల ఉంటుంది. గార్డు విప్పితేగాని అందదు. మెషిన్ ఆపితే ఉత్పత్తి తగ్గిందని సూపర్‌వైజర్ కేకలేస్తాడు. నిపుల్ నుంచి బయటికి ఒక సన్న గొట్టం లాగితే గార్డు విప్పే పనే ఉండదు. ఆ గొట్టం వేయించకపోవడం ఎవరి అజాగ్రత్త?