చేప మందు పని చేస్తుందనడానికి జనమే రుజువా?

మృగశిర కార్తె దగ్గర పడితే చాలు, ఫోన్లలో ఈ మాటలు తిరుగుతుంటాయి: "హైదరాబాద్ చేప మందుతో లక్షల మందికి ఉబ్బసం పోయింది. చేపపిల్ల కఫాన్ని శుభ్రం చేసుకుంటూ పోతుంది. పని చేయకపోతే అంత జనం ఎందుకొస్తారు? ఉచితంగా ఇస్తున్నారు, పోయేదేముంది?" రాత్రంతా ఆయాసపడే పిల్లలున్న ఇళ్లలో వీటిని ఆశగా చదువుతారు. అందుకే ఒక్కొక్కటీ చూద్దాం.

బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి, దాన్ని రోగి చేత మింగిస్తారు. అది అన్నవాహికలోంచి కడుపులోకి పోతుంది. ఉబ్బసం ఉండేది ఊపిరితిత్తుల గాలి గొట్టాల్లో. ఈ రెండు దారులూ వేరు. పైగా శాకాహారులకు ఇదే మందును బెల్లంలో పెట్టి ఇస్తారు. మరి వాళ్ల కఫాన్ని శుభ్రం చేసేదేది?

ఇక జనం సంగతి. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో క్యూ చూసి, వచ్చినవాళ్లెందరో చెప్పొచ్చు, తగ్గినవాళ్లెందరో చెప్పలేం. వరసగా మూడేళ్లు తీసుకోవాలంటారు కదా, మొదటి ఏడాది గుణం కనిపించనివాళ్లలో చాలామంది మళ్లీ రాకపోవచ్చు. అప్పుడు రెండో ఏడాది క్యూలో ఎవరిని అడిగినా "నాకు తగ్గింది" అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది.

"మా బాబాయికి నిజంగానే తగ్గిందండీ" అంటారు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. కానీ ఉబ్బసం పెరుగుతూ తగ్గుతూ ఉండే జబ్బు. బాగా ముదిరినప్పుడే మందుకు పరిగెడతాం, ఆ తర్వాత కొంత తెరిపి మామూలుగానే వస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది, నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది ఇదే. 2011లో అమెరికా పరిశోధకులు ఉబ్బసం రోగులకు ఒకసారి అసలు ఇన్‌హేలర్, ఒకసారి మందు లేని ఉత్తుత్తి ఇన్‌హేలర్ ఇచ్చి చూశారు. హాయిగా ఉందన్న మాట రెండింటికీ దాదాపు ఒకేలా వచ్చింది, 50 శాతం, 45 శాతం. ఊదించి కొలిస్తే మాత్రం ఊపిరి సత్తువ అసలు మందుతో 20 శాతం పెరిగింది, ఉత్తుత్తి దానితో 7 శాతమే. ఏ మందూ ఇవ్వని రోజుల్లోనూ అంతే పెరిగింది! బాబాయికి తగ్గినట్టు అనిపించడం నిజం, గాలి గొట్టాలు తెరుచుకున్నాయో లేదో కొలిస్తేనే తెలుస్తుంది.

ఉచితంగా ఇవ్వడం ఇచ్చేవాళ్ల మంచితనం. అది మందు గుణానికి రుజువు కాదు. పోయేదేముందంటారా? తగ్గిందనుకుని ఇన్‌హేలర్ మానేసిన మనిషికి అర్ధరాత్రి ఆయాసం ముదిరితే ప్రాణమే పోవచ్చు. వెళ్లాలనుకుంటే వెళ్లండి, ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుని వెళ్లండి. చేప మందు తీసుకున్నాక చేయమనే 45 రోజుల పథ్యంలోనూ డాక్టర్ చెప్పకుండా దాన్ని ఆపకండి.