"మా దగ్గర ఇంతే" గారికి బహిరంగ లేఖ

నెలలు నిండని పసికందుల వార్డులో తిష్ఠవేసిన "మా దగ్గర ఇంతే" గారికి,

మీ మహిమ సామాన్యమా! 26 వారాలకే పుట్టిన 700 గ్రాముల బిడ్డ వెంటిలేటర్ మీద ఉంది. రెండో వారంలో హిమోగ్లోబిన్ 10.8. ఒక ఆసుపత్రిలో మీరు "ఆగుదాం" అంటారు, మరోచోట "బ్లడ్ తెప్పించండి" అంటారు. ఎంత ఎక్కించాలన్నా మీ చిత్తమే: కిలోకు 10 మిల్లీలీటర్లు ఒకచోట, 20 ఇంకోచోట. బిడ్డకు 7 మిల్లీలీటర్లా, 14 మిల్లీలీటర్లా అన్నది పుట్టిన ఆసుపత్రి అడ్రసు తేల్చాలన్నమాట.

హిమోగ్లోబిన్ ఎంతకు తగ్గితే రక్తం ఎక్కించాలో పోల్చి చూసిన రెండు పెద్ద ట్రయల్స్ 2020లో వచ్చాయి: టాప్, ఎట్నో. రెంటిలో కలిపి 2,800 మందికి పైగా కిలోలోపు బిడ్డలు. టాప్‌లో శ్వాసకు సాయం అవసరమైన బిడ్డలకు ఒక వర్గంలో హిమోగ్లోబిన్ మొదటి వారం 13, రెండో వారం 12.5, ఆ తర్వాత 11 కన్నా తగ్గితే ఎక్కించారు. రెండో వర్గంలో 11, 10, 8.5 దాకా ఆగారు. రెండేళ్ల వయసుకు మరణం లేదా ఎదుగుదల లోపం వరుసగా 50.1 శాతం, 49.8 శాతం. చేతికి ఎముక లేకుండా ఎక్కించినందుకు దక్కిన లాభం అంతే. అలాగని 8.5ను ఇంకా కిందికి దించి పొదుపరినని మురిసిపోకండి, శ్వాసకు సాయం ఉన్న బిడ్డల్లో ఆ ట్రయల్ అంత దూరం వెళ్లలేదు.

రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ల విషయంలో పుణ్యానికి పోతే పాపం ఎదురైంది. 2019లో వచ్చిన ప్లానెట్-2 ట్రయల్‌లో ప్లేట్‌లెట్లు 50,000 కన్నా తగ్గగానే ఎక్కించిన వర్గంలో మరణమో పెద్ద రక్తస్రావమో 26 శాతం, 25,000 దాకా ఆగిన వర్గంలో 19 శాతం.

అసలు తూటు మీరు చూడని చోట ఉంది. ఆ బిడ్డ ఒంట్లో ఉన్న రక్తమంతా సుమారు 60 మిల్లీలీటర్లు. మీరు "రొటీన్" అంటూ లాగే 2 మిల్లీలీటర్లు పెద్దవాళ్ల ఒంట్లోంచి 150 మిల్లీలీటర్లకు పైగా తీసినట్టు. అర మిల్లీలీటరు చాలే పరీక్షకు ట్యూబు నిండుగా పంపుతారు. రక్తనాళంలో పెట్టిన గొట్టం (లైన్)లోంచి ముందుగా లాగిన రక్తాన్ని శుభ్రంగా తిరిగి ఇవ్వచ్చు, మీరు పారబోస్తారు. చల్లబడ్డ మడమను గుచ్చి తీసిన చుక్క హిమోగ్లోబిన్ ఎక్కువ చూపించవచ్చు. మర్నాడు సిర రక్తంలో తగ్గిందని కంగారు పడతారు. ఒక చేత్తో తీసి మరో చేత్తో ఎక్కించడానికి ఇంత హడావుడా?

పుట్టగానే బొడ్డుతాడు కోయడానికి 30 నుంచి 60 సెకన్లు ఆగితే (అక్కడే ఊపిరి పోయాల్సిన బిడ్డల సంగతి వేరు) ఎక్కించే అవసరమే తగ్గుతుంది. మొదటి పరీక్షలకు మాయ (ప్లాసెంటా)లో మిగిలిన రక్తమే సరిపోతుంది. ఎక్కించక తప్పకపోతే ఒకే దాత రక్తాన్ని చిన్న సంచులుగా విడదీయించి ఆ బిడ్డకే కేటాయిస్తే, ప్రతిసారీ కొత్త దాత అక్కర్లేదు.

ఇకపై ఇంక్యుబేటర్‌కు ఒక కాగితం అంటిస్తాం: వయసు ఎన్ని రోజులు, శ్వాసకు సాయం ఉందా, ఎంతకు తగ్గితే ఎక్కించాలి, కిలోకు ఎంత, ఇప్పటిదాకా మొత్తం తీసిన రక్తం ఎంత. ఆ గీత దాటి ఎక్కించేవారు కారణం రాసి సంతకం పెట్టాలి. కారణం గడిలో మీ పేరు చెల్లదు.

ఇట్లు,
రాత్రి డ్యూటీ సిబ్బంది