మ్యూజియం గైడుకు ఇంకా పాత పనేనా?

సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటలు కొట్టే గడియారం ముందు, ముఖ్యంగా మధ్యాహ్నం పన్నెండింటికి, చేరే జనానికి గైడు అవసరం లేదు. బొమ్మ బయటికి వచ్చి గంట కొడుతుంది, అందరూ సంతోషిస్తారు. గైడు కావలసింది మేలిముసుగు రెబెక్కా శిల్పం ముందు నిలబడినప్పుడు. దానిని చెక్కినవాడు ఇటలీ శిల్పి బెంజోనీ అనీ, మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారనీ ఎవరైనా ఫోనులో చదువుకోవచ్చు. మన గైడ్లలో చాలామంది ఆ వివరాలనే ఒకే స్వరంతో అప్పజెప్పి పక్క గదికి దారి తీస్తారు. తప్పు వారిదని నేను అనను, వారికి నేర్పినది అంతే.

నేను కోరేది వేరు. చలువరాయి పలుచని బట్టలా ఎందుకు కనిపిస్తోందో, ఆ ముసుగు ముఖానికి ఎక్కడ ఆని ఎక్కడ వదులైందో చూసేవారే పట్టుకునేలా చేయగల గైడు కావాలి. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో విద్యా విభాగాన్ని నడిపిన ఫిలిప్ యెనవైన్, మనస్తత్వవేత్త ఆబిగెయిల్ హౌసెన్ కలిసి రూపొందించిన పద్ధతికి మూడు ప్రశ్నలే ఆధారం: ఇందులో ఏం జరుగుతోంది, ఏది చూసి అలా అంటున్నారు, ఇంకా ఏం కనిపిస్తోంది? అడగడం తేలికే. కానీ ఒక పిల్లవాడి ఊహను కొట్టిపారేయకుండా, అలాగని చరిత్రకు పొసగని మాటను వదిలేయకుండా సంభాషణ నడపడానికి, పాఠం వల్లె వేయడానికి కావలసిన దానికంటే ఎక్కువ చదువు కావాలి. (ప్రతి జవాబుకూ తల ఊపే గైడు కూడా నాకు అక్కరలేదు.)

బెర్లిన్‌లో 2015లో మొదలైన ముల్తకా అనే కార్యక్రమం మరో అడుగు ముందుకు వేసింది. సిరియా, ఇరాక్‌ల నుంచి వచ్చిన శరణార్థులకే శిక్షణ ఇచ్చి, అక్కడి మ్యూజియాలలో అరబ్బీలో మాట్లాడే గైడ్లను చేసింది. తమ నేల నుంచి వచ్చిన వస్తువుల గురించి అక్కడ వారే చెబుతున్నారు. అమరావతి శిల్పఫలకాలు చెన్నై ఎగ్మూరులోనూ లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి కదా, వాటి ముందు కృష్ణా తీరపు మనిషి ఒకరు తెలుగులో మాట్లాడితే వినాలని నాకు ఎప్పటినుంచో ఆశ.

అయితే ఇదంతా ఊరికే రాదు. చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ 2021లో, ఏళ్ల తరబడి జీతం లేకుండా సేవచేసిన గైడ్లను ఒక్క లేఖతో పక్కనపెట్టి, జీతం ఇచ్చి బోధకులను పెట్టుకుంటామన్నప్పుడు పెద్ద దుమారం రేగింది. పంపిన తీరు నాకు నచ్చలేదు గానీ, ఈ పనికి జీతం ఉండాలన్న మాట మాత్రం సరైనదే. గుంపుకు ఇంతని తీసుకునే గైడుకు ఎన్ని గుంపులను తిప్పితే అంత రాబడి. ఒక్క శిల్పం ముందు పావుగంట ఆగమని అతన్ని అడిగే ముందు, ఆ పావుగంటకు మ్యూజియం డబ్బు చెల్లించాలి.