ఊరు మనది, పేరు మనది, పీటీఆర్ ఎవరిది?

గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల లాడ్జీలు నడిపే పెద్దలకు అభినందనలు. రూమ్ బుకింగ్ మెయిళ్లకు పరాయి కంపెనీల మీద ఆధారపడకుండా, రిసెప్షన్ బల్ల కిందే సొంత సర్వర్ పెట్టుకోవాలన్న మీ సంకల్పం చరిత్రాత్మకం. ఆ మెయిళ్లు అందుకోవాల్సిన యాత్రికుల్లో ఎక్కువమందివి జీమెయిల్ ఖాతాలే కావడం చిన్న విషయం.

డొమైన్ కొన్నారు. మెయిల్ పంపే సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్ ఎక్కించారు. మొదటి మెయిలే 550 5.7.25 అంటూ తిరిగొచ్చింది: మీ సర్వర్ ఇంటర్నెట్ చిరునామాకు, అంటే ఐపీకి, పీటీఆర్ (ఆ ఐపీ పేరేమిటో చెప్పే రికార్డు) లేదట. ఆధార్ జిరాక్స్ ఇవ్వనిదే తాళం చేతికివ్వని మీకు, గూగుల్ గుమ్మంలోనే ఆపేయడం ఘోర అన్యాయంగా తోచడం సహజమే.

ఇక్కడే అసలు పేచీ. పేరు నుంచి ఐపీకి దారి చూపే 'A' రికార్డు మీ చేతిలో ఉంటుంది. ఐపీ నుంచి పేరు చెప్పే పీటీఆర్ మాత్రం ఆ ఐపీ ఎవరిదో వాళ్ల చేతిలో ఉంటుంది. 203.0.113.25 అయితే, తిరగేసి 25.113.0.203.ఇన్-యాడర్.ఆర్పా అన్నచోట వెతుకుతారు. డొమైన్ అమ్మినవాడి ప్యానెల్లో పీటీఆర్ రాసి, అది ఎప్పుడు పాకుతుందా అని ఎదురుచూసే వారి ఓపికకు దండం.

కనెక్షన్ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేయండి. "పీటీఆరా? రౌటర్ ఒకసారి ఆపి వేసినారా సార్?" అంటారు. పైగా ఇంటి కనెక్షన్ల ఐపీలు చాలావరకు స్పామ్‌హౌస్ పీబీఎల్‌లో, అంటే నేరుగా మెయిల్ పంపకూడని ఐపీల జాబితాలో ఉంటాయి, మెయిళ్లు బయటికెళ్లే 25వ పోర్టు మూసి ఉండటమూ మామూలే. కాబట్టి స్వావలంబన కోసం అద్దెకు వీపీఎస్, అంటే ఇంకొకరి డేటా సెంటర్లో ఓ సర్వర్, తీసుకోండి. అక్కడి ప్యానెల్లో రివర్స్ డీఎన్ఎస్ అని పీటీఆర్ రాసే గడి ఉంటుంది, లేదంటే టికెట్ పెట్టాలి. పీటీఆర్‌లో రాసిన పేరే పోస్ట్‌ఫిక్స్ మైహోస్ట్‌నేమ్ సెట్టింగులో ఉండాలి, ఆ పేరు 'A' రికార్డు మళ్లీ అదే ఐపీకి చేరాలి. టెర్మినల్లో డిగ్ -ఎక్స్ (dig -x), పక్కన ఐపీ కొడితే వచ్చిన పేరును మళ్లీ డిగ్ చేసి చూసుకోండి.

అంతా సరిగ్గా ఉన్నా మెయిల్ తిరిగొస్తోందా? సర్వర్ గుట్టుగా ఐపీవీ6 అనే కొత్త తరహా చిరునామా మీద పంపుతోందేమో, దానికి పీటీఆర్ పెట్టాలని ఎవరికి తడుతుంది! పెట్టండి, లేదా ఇనెట్_ప్రోటోకాల్స్ సెట్టింగును పాత తరహా ఐపీవీ4కి మార్చి పోస్ట్‌ఫిక్స్‌ను పూర్తిగా ఆపి మొదలుపెట్టండి. రీలోడ్ చాలదు.

ఎస్పీఎఫ్ (మీ పేరున ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే రికార్డు), డీకిమ్ (మెయిల్ మీద డిజిటల్ సంతకం) సరేసరి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఈ రెండింట్లో ఒకటైనా అందరినీ అడుగుతోంది. రోజుకు 5000 మెయిళ్లు దాటితే రెండూ కావాలి, డీమార్క్ (ఆ పరీక్షల్లో తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే రికార్డు) అదనం.

ఇన్ని చేశాక మెయిల్ చేరుతుంది, స్పామ్‌లోకి. ఆ ఐపీలో మీకంటే ముందు అద్దెకున్నవాడు ఏం పంపాడో ఎవరికెరుక? తీసుకునే ముందే బ్లాక్‌లిస్టులు చూసుకుని, మొదట్లో రోజుకు కొన్ని చొప్పున పంపుతూ పేరు నిలబెట్టుకోండి. ఈలోగా రూమ్ నంబరు వాట్సాప్‌లో పంపేయండి.