చెప్పాపెట్టకుండా పీకేవాళ్లు

మా బావమరిది గుంటూరులో మా ఇంటి నుంచి విజయవాడ బయల్దేరాలంటే తక్కువలో తక్కువ ముప్పావుగంట పడుతుంది. "ఇక వెళ్ళొస్తాం బావా" అని సోఫాలోంచి లేవడం ఒకసారి, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ ఇంకోసారి. ఈలోగా మా ఆవిడ తన మరదలికి బొట్టు పెట్టి, జాకెట్టు ముక్కా రెండు అరటిపళ్లూ చేతిలో పెడుతుంది. గేటు దగ్గరికి చేరాక అసలు కబుర్లు మొదలవుతాయి. అంతలో పిల్లి ఎదురొస్తే వెనక్కొచ్చి, మంచినీళ్లు తాగి, మళ్లీ మొదటినుంచి. "వెళ్తున్నా" అనకూడదనీ "వెళ్ళొస్తా" అనాలనీ వాళ్ల మూడేళ్ల పిల్లాడికి కూడా తెలుసు.

ఇంతటి సంప్రదాయపరుడు పెన్‌డ్రైవ్‌ని మాత్రం, "ఇక తీస్తున్నా" అని కంప్యూటరుకి చెప్పే ఎజెక్ట్ నొక్కకుండానే, మిరపచేలో కలుపు పీకినట్టు పీకుతాడు.

దీన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. ఈ వస్తువు 2000లో 8 ఎంబీలతో అమ్మకానికొచ్చింది. అందులో ఇప్పటి పెళ్లి ఫొటో ఒకటి పడుతుందో లేదో. అంత చిన్న డబ్బాని చెప్పి తియ్యాలా, చెప్పకుండా పీకొచ్చా అని పాతికేళ్లుగా తగవు తెగలేదంటే విషయం చిన్నదై ఉండదు.

కాపీ చేసేటప్పుడు తెర మీద ఆకుపచ్చ గీత చివరిదాకా వెళ్లి మాయమైతే పనైపోయిందనుకుంటాం. అయి ఉండకపోవచ్చు. రైట్ క్యాషింగ్ అని ఒకటుంది. కంప్యూటరు సరుకంతా తన మెమరీలో పెట్టుకుని "అయిపోయింది" అనేసి, తీరిక చూసుకుని పెన్‌డ్రైవ్‌లోకి దించుతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువకి నీళ్లు వదిలారని పేపర్లో పడ్డ రోజే రేపల్లెలో చివరి ఆయకట్టు రైతు నాట్లు వేసుకుంటే ఎలా ఉంటుందో, గీత మాయం కాగానే పీకడం అలా ఉంటుంది. విండోస్‌కి బదులు లినక్స్ వాడేవాళ్లకి ఇది బాగా తెలుసు. కాపీ చిటికెలో అయినట్టు కనిపిస్తుంది. ఎజెక్ట్ నొక్కాక చూడాలి, ఆ లైటు మిణుకుమంటూనే ఉంటుంది, పక్కింటాయన వచ్చి కాఫీ తాగి వెళ్లేదాకా.

పోతే ఆ ఒక్క ఫైలేగా అంటారు. అక్కడే ఉంది చిక్కు. పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైళ్లు సర్దే పద్ధతుల్లో వస్తాయి. ఏ ఫైలు ఏ గదుల్లో ఉందో రాసుకునే పట్టిక ఒకటి వాటిలో ఉంటుంది. విండోస్ తన సొంత డిస్కుకి వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లాగా చెయ్యబోయే పనిని ముందుగా చిట్టాకెక్కించే అలవాటు వీటికి లేదు. సరిగ్గా ఆ పట్టిక దిద్దుతుండగా పీకారనుకోండి, కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలన్నీ భద్రంగానే ఉంటాయి, బాండే చిరిగిపోతుంది. ఏ టిక్కీ ఎవరిదో బ్రహ్మకి కూడా తెలియదు. అప్పుడు కంప్యూటరు చల్లగా "ఫార్మాట్ చేస్తారా?" అని అడుగుతుంది, సరుకుతో సహా గోడౌన్ ఊడ్చేసి ఖాళీ తాళాలు మీ చేతికిమ్మంటారా అన్నట్టు.

యూఎస్‌బీ తయారుచేసినవాళ్లకి మన మర్యాదలు ఎవరో చెప్పి ఉంటారని నా అనుమానం. ఆ ప్లగ్గులో కరెంటు పిన్నులు పొడుగు, డేటా పిన్నులు పొట్టి. తీసేటప్పుడు ముందు డేటా తెగుతుంది, కరెంటు ఆ తర్వాత పోతుంది. మాటలు ఆపాకే దీపం ఆర్పాలని ఇనప ముక్కలకి తెలిసింది.

ఇవన్నీ చెబితే మా వాడు బ్రహ్మాస్త్రం తీశాడు. "బావా, నువ్వింకా ఏ కాలంలో ఉన్నావు? విండోస్ 10లో 2018లో వచ్చిన 1809 వెర్షన్ నుంచి క్విక్ రిమూవలే డిఫాల్టు. మైక్రోసాఫ్టే చెప్పింది."

చెప్పింది, నిజమే. ఆ పద్ధతిలో కంప్యూటరు సరుకుని మెమరీలో మాగబెట్టకుండా, కాస్త నెమ్మదైనా, ఎప్పటికప్పుడు రాసేస్తుంది. రాయడం అయిపోయాక చెప్పకుండా తీసినా ఏమీ కాదు. ఒప్పుకున్నాను. ఆ పూట నాకు అన్నం సహించలేదు. కానీ "రాయడం అయిపోయాక" అన్న ముక్క మా వాడి చెవికెక్కలేదు. చెప్పకుండా లేచి వెళ్లొచ్చన్నారు గానీ, తింటున్నవాడి ముందు విస్తరి లాగెయ్యమనలేదుగా.

మా మేనకోడలి పెళ్లి శుభలేఖ సంగతి చూడండి. నెలరోజులు ఇరుపక్షాల పెద్దలూ చదివి, దిద్ది, ఎవరి పేరు ముందో ఎవరిది వెనకో తేల్చుకున్న మ్యాటరు అది. లైటు మిణుకుతుండగానే మా వాడు పెన్‌డ్రైవ్ పీకి, బండెక్కి డీటీపీ షాపుకి పట్టుకెళ్లాడు. అక్కడ తెరుచుకోలేదు. టైము లేదని అక్కడే నిలబడి జ్ఞాపకం మీద చెప్పుకుపోయాడు, కుర్రాడు కొట్టుకుపోయాడు. "విందు: మధ్యాహ్నం 12 గంటల నుంచి" అని ఉండాల్సిన చోట "వింత: మధ్యాహ్నం 12 గంటల నుంచి" అని ఐదొందల కార్డులు అచ్చయ్యాయి. చెప్పొద్దూ, పన్నెండింటికల్లా హాలు నిండిపోయింది.

అలాగని నా పక్షం వాళ్లందరూ బుద్ధిమంతులని కాదు. మా పైవాటాలో ఉండే రిటైర్డ్ హెడ్‌మాస్టారు పెన్‌డ్రైవ్ ఎజెక్ట్ చేసి, సిస్టమ్ షట్‌డౌన్ చేసి, గోడ మీద మెయిన్ స్విచ్ ఆపి, అప్పుడు తీస్తారు. ఈలోగా కింద మా ఫ్రిజ్ కూడా ఆగిపోతుంది. పైగా ఆ ఎజెక్టు అడిగినప్పుడల్లా వరమిచ్చేదీ కాదు. అన్నీ మూసేశాక కూడా "ఈ పరికరం వాడుకలో ఉంది" అంటుంది. వాడుతున్నదెవరో మాత్రం చెప్పదు. యాంటీవైరస్ లోపల దూరి తనిఖీ చేస్తూ ఉండొచ్చు. అయినా, ఇంట్లో మనిషిని పెట్టుకుని "అయ్యగారు ఊళ్లో లేరండి" అనే బాపతు సమాధానం అది.

మొన్న ఆదివారం మా వాడు మళ్లీ వచ్చాడు. పెళ్లి ఫొటోలు ఎక్కించుకున్నాడు. నేను కుర్చీ పక్కనే నిలబడ్డాను. నా మొహం చూసి, కింద మూల గుర్తు మీద నొక్కి, పేరు ఎంచుకుని, "ఇక తీసుకోవచ్చు" అన్న సందేశం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నా కడుపు నిండింది. తర్వాత సోఫా దగ్గర ఒకసారి, గుమ్మం దగ్గర ఒకసారి, గేటు దగ్గర అరగంట. బొట్టూ జాకెట్టు ముక్కా యథావిధిగా అయ్యాయి, పిల్లి కూడా రాలేదు.

గంటన్నర తర్వాత విజయవాడ బస్టాండు నుంచి ఫోను. "బావా, నీ సిస్టమ్‌కి పెన్‌డ్రైవ్ అలానే ఉందేమో కాస్త చూస్తావా?"